వంటవాడు లేని వంటయిల్లు

(ఒక పట్టణ గ్రంథాలయమున పాఠకుల సభలో చేసిన యుపన్యాసము)



ఫాస్టుఫుడ్డు పరిశ్రమయొక్క నిజస్వరూపమును నేటి ప్రసంగమునకు విషయముగ నెన్నుకొంటిమి. ఈ మాట వినగానే ఉప్పు, నూనె, చక్కెర, స్థూలకాయము, మధుమేహము మున్నగువానిని గూర్చి యుపదేశము వినవలసివచ్చునని మీలో కొందఱు తలంచియుందురు. అవి వైద్యులు చెప్పవలసిన మాటలు. వారు చెప్పుచునే యున్నారు. తిండి కడుపులోనికి పోయిన పిమ్మట జరుగుదానిని వారికి విడిచి, అది మన చేతికి వచ్చులోపల నెవరెవరి చేతులలో నేమేమి జరిగినదో విచారింతము.

ముందుగ మన పట్టణములలోని హోటళ్లను ఒక్కసారి తలంచుకొనుడు. పేరుపొందిన ప్రతి హోటలునందును ఒక దోసె మాస్టరు ఉండును. యజమాని తక్కినవారినందఱిని కసరును గాని, మాస్టరుతో మాటలాడునపుడు గొంతు తగ్గించును. ఏలయన, అతడు ఎదుటి వీథిలోని హోటలునకు పోయినచో ప్రొద్దుటి గిరాకీలో సగము అతని వెంట పోవును. పెనము యజమానిది, పిండి యజమానిది, కొట్టు యజమానిది. చేయి మాత్రము మాస్టరుది. ఆ చేతిలోని యెఱుకయే అతని యాస్తి. జీతము పెంచుమని అడుగుటకును, మాటపడక బ్రతుకుటకును అతనికున్న బలము అదియొక్కటే.

ఈ చేతి యెఱుకను పనివానినుండి తీసివేయుటమీదనే ఫాస్టుఫుడ్డు పరిశ్రమ నిలిచినదని మా యభిప్రాయము. వంటవానితో మొదలైన ఆ పద్ధతి పిమ్మట కొట్టు నడపువానికి, రైతునకు, కసాయికి, తుదకు తినువాని నాలుకకును ఎట్లు వ్యాపించినదో క్రమముగ మనవిచేయుదుము.

ఈ కథకు మొదలు అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రమందలి శాన్ బెర్నార్డినో పట్టణములో నున్నది. రిచర్డు మెక్‌డొనాల్డు, మారిసు మెక్‌డొనాల్డు అను సోదరులిద్దఱు 1940లో అచ్చట నొక హోటలు తెఱచిరి. కార్లలో వచ్చినవారికి కార్లయొద్దకే పరిచారికలు పళ్లెములు తెచ్చి యిచ్చెడివారు. వ్యాపారము బాగుగనే సాగుచుండెను. అయినను సోదరులకు చింత తప్పలేదు. నేర్పుగల వంటవాడు నాలుగు డబ్బులు ఎక్కువ దొరకు చోటికి పోవుచుండెను. గ్లాసులు, పళ్లెములు పగులుచుండెను, దొంగిలింపబడుచుండెను. 1948లో వారు కొన్ని నెలలు హోటలు మూసి, పద్ధతినంతయు మార్చి, ఆ యేడు డిసెంబరులో మరల తెఱచిరి. 25 రకముల పదార్థములు 9కి తగ్గెను. కత్తితోను, ముల్లుతోను తినవలసినవన్నియు పోయెను. పళ్లెములకు బదులు కాగితపు పొట్లములు వచ్చెను. పరిచారికలను మానిపించిరి. 30 సెంట్ల బర్గరు 15 సెంట్లకు దిగెను.

అంతకంటె పెద్ద మార్పు వంటయింటిలో జరిగెను. వంటవాని పనిని సోదరులు తునుకలు చేసిరి. ఒకడు మాంసపుబిళ్లను కాల్చును. ఒకడు దానిని రొట్టెలో పెట్టి పొట్లము కట్టును. ఒకడు బంగాళాదుంప ముక్కలు వేయించును. ఒకడు పాలపానీయము కలుపును. ఒకడు డబ్బు పుచ్చుకొనును. టెన్నిసు ఆడు స్థలముమీద సుద్దతో వంటయింటి పటమును గీసి, పనివాండ్రను దానిలో నడిపించి, అడుగులు వృథాపోకుండ పొయ్యిలను, బల్లలను అమర్చిరి. కార్ల కర్మాగారములలో నదివఱకే నడచుచున్న పద్ధతి యిట్లు పొయ్యి దగ్గఱకు వచ్చినది. ఈ వంటయింటిలో పనిచేయు ఏ యొక్కనికిని వంట వచ్చియుండ నక్కఱలేదు. ఒకడు నేడు మానివేసినచో రేపు మఱియొకనికి కొద్దిసేపటిలో ఆ పని నేర్పవచ్చును. యజమాని గొంతు తగ్గించి మాటలాడవలసిన అవసరము ఆనాటితో తీఱిపోయెను.

ఈ వింతను చూడవచ్చినవారిలో రే క్రాక్ అను వర్తకుడు ఒకడు. పాలపానీయములు కలుపు యంత్రములను అమ్ముట అతని వృత్తి. ఒక్క హోటలు అన్ని యంత్రములను ఏల కొనుచున్నదో చూడవలెనని 1954లో అతడు శాన్ బెర్నార్డినో వచ్చెను. ఆ పద్ధతిని దేశమంతట వ్యాపింపజేయుటకు సోదరులతో నొడంబడిక చేసికొని, 1955లో ఇల్లినాయి రాష్ట్రమునందు తన మొదటి శాఖను తెఱచెను. 1961లో 27 లక్షల డాలర్లిచ్చి సోదరుల హక్కులన్నియు కొనివేసెను. సోదరులకు వారి మొదటి హోటలు మిగిలెను గాని, దానికి తమ యింటిపేరు పెట్టుకొను హక్కు మిగులలేదు. వారు దానిని బిగ్ ఎమ్ అని పిలుచుకొనవలసివచ్చెను. క్రాక్ దాని సమీపముననే మెక్‌డొనాల్డ్సు శాఖ నొకటి తెఱపించెను. కొన్నియేండ్లకు సోదరుల హోటలు మూతపడెను. వంటవాని చేతినుండి పనిని తీసినవారికి తుదకు తమ పేరు కూడ తమది కాకపోయెను.

ఇచ్చట మఱియొక సంగతి గమనింపవలసియున్నది. ఈ కంపెనీ బర్గర్లు అమ్మి ధనము గడించినదని లోకమనుకొనును. దాని శాఖలు నేడు ప్రపంచమున 40,000కు పైగా కలవు. వానిలో నూటికి సుమారు 95 కంపెనీ స్వయముగ నడపుచున్నవి కావు. పేరును, పద్ధతిని కంపెనీయొద్ద తీసికొని, తమ ధనము పెట్టి నడపు వర్తకులు వేఱుగ నున్నారు. వారిని ఫ్రాంచైజీదార్లందురు. మొదటి దినములలో వీరినుండి కంపెనీకి వచ్చునది అమ్మకములో నూటికి 1.9 మాత్రమే, అందులోను 0.5 సోదరులకు పోయెడిది. అది చాలక కంపెనీ యిబ్బందిపడుచుండగా, హ్యారీ సోనెబార్న్ అను ఆర్థిక సలహాదారు 1956లో నొక యుపాయమును కనిపెట్టెను. కొట్టునకు వలయు నేలను కంపెనీయే కొనును, లేదా దీర్ఘకాలపు కౌలునకు తీసికొనును; దానిని ఫ్రాంచైజీదారునకు హెచ్చు అద్దెకిచ్చును. అద్దెకు కనీసపు మొత్తము ఒకటి యుండును. అమ్మకము పెరిగినకొలది అద్దెయు పెరుగును. నేటికిని ఫ్రాంచైజీదార్లనుండి ఈ కంపెనీకి పేరునకై వచ్చు రుసుముకంటె నేలకై వచ్చు అద్దెయే ఎక్కువ.

ఈ యేర్పాటులోని బలమెట్టిదో చూడుడు. కొట్టు నడపువాడు తాను యజమానినని తలంచును. పెట్టుబడి అతనిది, అప్పు అతనిది, నష్టము వచ్చిన నష్టము అతనిది. కాని నేల కంపెనీది. కంపెనీ చెప్పిన నియమము తప్పినచో కొట్టు ఖాళీచేయవలెను. రొట్టె, మాంసము, దుంప కంపెనీ యొప్పుకొన్న చోటనే కొనవలెను; పొయ్యి కంపెనీ చూపినదే పెట్టవలెను. అద్దెను తగ్గించుకొనలేడు, సరకుల వెల తగ్గించుకొనలేడు. తగ్గించుటకు అతని చేతిలో మిగిలినది ఒక్కటే: పనివాని కూలి. కంపెనీని అడిగినచో పనివాండ్రు మావారు కారు, కొట్టువానివారని చెప్పును. కొట్టువానిని అడిగినచో నాకు మిగులుట లేదనును. ఇద్దఱు చెప్పునదియు కొంతవఱకు నిజమే. పనివాడు మాత్రము ఎవరి గుమ్మమున నిలిచి అడుగవలెనో తెలియక మిగులును.

ఇట్టి పనివాడు పొరుగు శాఖకు పోయి నాలుగు సెంట్లు ఎక్కువ సంపాదించుకొనవచ్చును గదా యని మీరు ప్రశ్నింపవచ్చును. ఆ ద్వారమును కూడ చాలకాలము మూసియుంచిరి. ఒక శాఖలోని పనివానిని అదే పేరుగల మఱియొక శాఖ చేర్చుకొనరాదను నిబంధన పెక్కు కంపెనీల యొడంబడికలలో నుండెను. పనివానికి ఆ సంగతి తెలియనైన తెలియదు. వాషింగ్టన్ రాష్ట్రపు అటార్నీ జనరలు విచారణ జరుపగా, 2018లో మెక్‌డొనాల్డ్సు మొదలుగాగల కంపెనీలు ఒకదాని తరువాత నొకటి ఆ నిబంధనను విడిచిపెట్టుటకు ఒప్పుకొనినవి. దోసె మాస్టరు ఎదుటి వీథికి పోగలుగుటయే అతని బలమని యింతకుముందు చెప్పియుంటిమి. ఇచ్చట చేతి యెఱుకను తీసివేయుటయే గాక ఎదుటి వీథికి దారియు మూసిరి.

వంటయింటినుండి పొలమునకు పోవుదము. ఈ హోటళ్లలో బర్గరుతో సమానముగ అమ్ముడుపోవునది వేయించిన బంగాళాదుంప ముక్క. మొదట దుంపలను కొట్టులోనే తొక్కతీసి, తఱిగి, వేయించెడివారు. 1960ల మధ్యలో ఐడాహో రాష్ట్రపు దుంపల వర్తకుడు జె. ఆర్. సింప్లాట్ వానిని తఱిగి, గడ్డకట్టించి, దేశమంతటికి పంపుటకు క్రాక్‌తో నొడంబడిక చేసికొనెను. లాంబ్ అను మఱియొక వర్తకుడు నీటి వేగముతో దుంపలను కత్తుల చట్రముగుండ దూసిపోవునట్లు చేయు యంత్రమును కనిపెట్టెను. కత్తిపీటతో పని లేకపోయెను. దుంప ఇంత పొడవుండవలెను, ఇంత పిండి యుండవలెనను నిర్ణయములు వచ్చినవి. ఈ నిర్ణయములను నెఱవేర్పగల కర్మాగారములు కొద్దియే గనుక రైతు తన పంటను ఎవరికి అమ్మవలెనో ముందుగనే తీఱిపోయెను. ఉత్తర అమెరికాలో గడ్డకట్టిన దుంపముక్కల వ్యాపారములో అధికభాగము నేడు నాలుగు కంపెనీల చేతిలో నున్నది. ఆ నలువురు కూడబలుకుకొని వెలలు పెంచిరని 2024లో అమెరికా కోర్టులలో దావాలు పడినవి. ఆరోపణలను కంపెనీలు కాదన్నవి, తీర్పు కోర్టులది. అమ్ముటకును కొనుటకును నలువురే యున్న సంతలో బేరమెట్లుండునో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇట్లు గడ్డకట్టించి, దూరముపంపి, మరల వేయించిన పదార్థములో స్వాభావికమైన రుచి కొంత పోవును. పోయినదానిని మరల కలుపుటకు వేఱొక పరిశ్రమయే పుట్టినది. న్యూజెర్సీ రాష్ట్రమందలి ప్రయోగశాలలలో రసాయనశాస్త్రజ్ఞులు సీసాలలో వాసనలు, రుచులు తయారుచేయుదురు. పొట్లముమీద అవి సహజమైన రుచి యను రెండు మాటలలో నణగిపోవును. ఆ రెండు మాటల వెనుక నేమున్నదో అమెరికాలోని మనవారికి 2001లో తెలిసినది. మెక్‌డొనాల్డ్సు కంపెనీ చాలకాలము దుంపముక్కలను ముఖ్యముగ పశువుల కొవ్వులో వేయించుచుండెను. 1990లో దానిని మాని, వృక్షసంబంధమైన నూనెను వాడుదుమని ప్రకటించెను. అది విని, శాకాహారులైన హిందువులు, జైనులు, అందు మన తెలుగువారును, నిస్సంశయముగ తినిరి. నూనె మాఱినది గాని, అమెరికాలోని ముక్కలలో గోమాంసపు సారము రుచికొఱకు కలుపుచునేయుండిరి. 2001లో సియాటిల్ నగరమున దావా పడెను. మఱుసటి యేడు కంపెనీ క్షమాపణ చెప్పుకొని, హిందూ సంస్థలకు, శాకాహార సంఘములకు, ఇతరులకు కలిసి ఒక కోటి డాలర్లిచ్చి రాజీపడెను. భారతదేశపు శాఖలలో అట్టి సారమును వాడుటలేదని కంపెనీ ఆనాడే ప్రకటించినది. మాకు ఇందు ముఖ్యముగ తోచినది ఒకటి. వండినవానిని పిలిచి, ఇందులో నేమి కలిపితివని అడుగుటకు వీలున్నంతవఱకు తినువానికి కొంత రక్షణ యుండును. వడ్డించువానికే తెలియని వంటలో ఆ ప్రశ్నకు బదులు చెప్పువాడెవడు?

మాంసము సంగతియు నిట్లే యున్నది. అమెరికాలో కసాయిపని ఒకప్పుడు నేర్పుగల వృత్తి. సంఘబలముతో మంచి జీతములు రాబట్టుకొన్న వృత్తి. 1960లో అయోవా రాష్ట్రములో పుట్టిన అయోవా బీఫ్ ప్యాకర్స్ అను కంపెనీ మెక్‌డొనాల్డు సోదరులు వంటకు చేసినదానినే కోతపనికి చేసినది. పశువుకళేబరము కదలుచుండును, పనివాడు కదలక నిలిచి దినమంతయు ఒకే కోత కోయుచుండును. నేర్పుగల కసాయి అక్కఱలేకపోయెను. సాధారణ కర్మాగారపు కూలికంటె ఎక్కువగ నుండిన కసాయిజీతములు 1980లలో దానికంటె తక్కువకు దిగినవి. 1977లో నాలుగు పెద్ద కంపెనీల చేతిలో అమెరికా గోమాంసవ్యాపారము నూటికి సుమారు 25 వంతులుండెను. నేడు నూటికి 80 వంతులకు పైగా నున్నది.

దీని ఫలము 1993లో కన్నీరుగ బయటపడెను. వాషింగ్టన్ మొదలుగాగల పడమటి రాష్ట్రములలో జాక్ ఇన్ ది బాక్స్ అను హోటళ్ల బర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడిరి. నలుగురు పిల్లలు చనిపోయిరి. వేర్వేఱు చోట్ల పెరిగిన పశువుల మాంసము ఒక్కచోట కలిపి తిరుగలి పట్టుటచేత, ఒక పశువులోని సూక్ష్మజీవి వేలకొలది బిళ్లలలోనికి ప్రాకెను. వాషింగ్టన్ రాష్ట్రము నిర్ణయించిన వేడికంటె తక్కువ వేడిలోనే ఆ బిళ్లలను కాల్చిరి. ఆ మఱుసటి యేడు కేంద్రప్రభుత్వము ఆ సూక్ష్మజీవియున్న మాంసమును కల్తీసరకుగ ప్రకటించి పరీక్షలు మొదలుపెట్టెను. ఈ పరీక్షలను ఆపుమని వర్తకసంఘములు కోర్టుకెక్కెను. కోర్టు ప్రభుత్వమువైపే తీర్పు చెప్పెను. పిల్లలు చచ్చిన పిమ్మట వచ్చిన ఆ కట్టుబాటు నేటికిని అనేకుల ప్రాణములు కాపాడుచున్నది. దానిని వ్యాపారము తనంతట తాను తెచ్చుకొనలేదని జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక చౌక యను మాటను పరిశీలింతము. అమెరికా కేంద్రప్రభుత్వము నిర్ణయించిన కనీసపు కూలి గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. అది 2009 జూలైలో వచ్చినది, నేటికిని మాఱలేదు. కొన్ని రాష్ట్రములు అంతకంటె ఎక్కువ నిర్ణయించుకొనినవి. 2013లో కాలిఫోర్నియా, ఇల్లినాయి విశ్వవిద్యాలయముల పరిశోధకులు ఈ హోటళ్లలో పొయ్యిదగ్గఱను, బల్లదగ్గఱను పనిచేయువారి కుటుంబముల స్థితిని విచారించిరి. ఆ కుటుంబములలో నూటికి 52 కుటుంబములు ప్రభుత్వపు ఆహారసహాయముమీదనో, వైద్యసహాయముమీదనో, అట్టి మఱియొకదానిమీదనో ఆధారపడుచున్నట్లు తేలెను. ఆ సహాయమునకు ప్రజలు పన్నుల రూపమున చెల్లించునది ఏటికి సుమారు 700 కోట్ల డాలర్లని వారు లెక్కకట్టిరి. బర్గరు వెలలో కొంత బల్లమీద చెల్లించుచున్నాము; మిగిలినది పన్నుగా చెల్లించుచున్నాము. బర్గరు ముట్టనివాడును చెల్లించుచున్నాడు. ఇది చౌక యనిపించుకొనదు. వెలను కనబడని చోటికి జరిపినారు, అంతే.

ఇంత చెప్పినను ధర్మమునకు కట్టుబడి మఱియొక మాట చెప్పవలెను. ఈ హోటళ్లు ప్రజలను మోసగించి మాత్రమే వర్ధిల్లినవనుట న్యాయము కాదు. పరిశుభ్రమైన బల్ల, ఎక్కడికి పోయినను ఒకే రుచి, ముందుగ తెలిసిన వెల, పిల్లలతో నిస్సంకోచముగ కూర్చుండు చోటు, ఇవి సామాన్యునకు పూర్వము సులభముగ దొరకినవి కావు. మన దేశములోను కులమడుగనివాడు, మొగము చూచి చోటు చూపనివాడు హోటలు పెట్టినచో ఎంత మేలో మన పెద్దలెఱుగుదురు. అనేకులైన యువకులకు మొదటి కూలి ముట్టినది ఇట్టి చోట్లనే. అలసిన తల్లి ఒక పూట పొయ్యి వెలిగింపక పిల్లలకు ఇంత తినిపించినచో ఆమెను నిందించు హక్కు ఎవరికిని లేదు. మా విరోధము వేగముతో గాదు, శుభ్రతతో గాదు. వీనిని సంపాదించుటకు పనివాని చేతి యెఱుకను, అతని బేరమాడు బలమును హరించుట తప్పనిసరి యను వాదముతో మాకు విరోధము.

తప్పనిసరి కాదని ఋజువుపఱచినవారు లేకపోలేదు. ఫ్లారిడా రాష్ట్రములో ఇమొకలీ యను ఊర టమాటాలు కోయు కూలీలు 1993లో కూడి సంఘమైరి. వీరిలో పెక్కురు మెక్సికో, గ్వాటెమాల, హైతీ దేశములనుండి వలసవచ్చినవారు. 32 పౌండ్ల బుట్టకు వారికి ముట్టునది 40, 45 సెంట్ల ప్రాంతము. తోటయజమానులను అడుగగా, పెద్ద కొనుగోలుదార్లు మాకు వెల యిచ్చుట లేదని బదులువచ్చినది. అంతట కూలీలు అసలు ద్వారమునే తట్టిరి. పౌండునకు ఒక్క సెంటు ఎక్కువ యిచ్చి, అది కూలీకి చేరునట్లు చూడవలెనని టాకో బెల్ కంపెనీని కోరి, 2001లో బహిష్కారమును ప్రారంభించిరి. విద్యార్థులు, మతసంఘములు తోడైరి. నాలుగేండ్లకు, 2005లో కంపెనీ దిగివచ్చెను. 2007లో మెక్‌డొనాల్డ్సు, 2008లో బర్గర్ కింగ్ ఒప్పుకొనినవి. పౌండునకు ఒక్క సెంటు! తినువానికి తెలియనైన తెలియదు. కోయువాని బుట్టకు అది 32 సెంట్లు.

లండనులో హెలెన్ స్టీల్, డేవ్ మారిస్ అను ఇద్దఱు సామాన్యులు మఱియొక విధముగ నెదిరించిరి. మెక్‌డొనాల్డ్సును విమర్శించు కరపత్రమును పంచినందుకు కంపెనీ వారిమీద పరువునష్టపు దావా వేసెను. ప్రభుత్వము వారికి న్యాయసహాయ మీయలేదు. తమ వాదము తామే వాదించుకొనిరి. 1994లో మొదలైన విచారణ ఇంగ్లండు చరిత్రలోనే అన్నిటికంటె దీర్ఘమైనదై, 1997లో తీర్పునకు వచ్చెను. కరపత్రములోని కొన్ని మాటలు ఋజువు కాలేదని న్యాయాధిపతి వారిమీద నష్టపరిహారము విధించెను. కాని, కంపెనీ తన ప్రకటనలలో పిల్లలను వాడుకొనుచున్నదనియు, తక్కువ కూలి యిచ్చి ఆ వృత్తిలోని కూలినంతయు క్రిందికి లాగుచున్నదనియు ఆ తీర్పులోనే వ్రాసెను. వారికి న్యాయమైన విచారణ జరుగలేదని 2005లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము నిర్ణయించెను. 2012 నవంబరులో న్యూయార్కు నగరపు పనివాండ్రు గంటకు 15 డాలర్లు, సంఘము పెట్టుకొను హక్కు కావలెనని పని మానిరి. నాడు నవ్వినవారు పెక్కుమంది. 2024 ఏప్రిలు 1వ తేదీనుండి కాలిఫోర్నియాలో పెద్ద ఫాస్టుఫుడ్డు కంపెనీల శాఖలలో కనీసపు కూలి 20 డాలర్లైనది.

ఇవి సముద్రముల కావలి కథలని మనము నిశ్చింతగ నుండరాదు. 1996లో మెక్‌డొనాల్డ్సు తన మొదటి శాఖను మన దేశములో ఢిల్లీనగరమున తెఱచెను. గోమాంసము, పందిమాంసము విడిచి, మన ఆలుగడ్డ టిక్కీని రొట్టెలో పెట్టెను. రుచి మనదైనది, పద్ధతి వారిదే. దుంపలకై ఉత్తర గుజరాతులో రైతులతో ఒడంబడిక సేద్యము వచ్చినది. ఒడంబడికలో రైతునకు నిశ్చితమైన వెల దొరకును, అది మేలే. కాని విత్తనము ఎవరిదను ప్రశ్న దానివెంటనే వచ్చును. హోటలు దుంపకు తోబుట్టువైన చిప్సు దుంప విషయములో ఆ ప్రశ్న కోర్టుకెక్కెను. తాను నమోదుచేసికొన్న యెఫ్‌సీ5 అను రకమును అనుమతి లేక పండించిరని పెప్సీకో కంపెనీ 2019లో గుజరాతు రైతులు నలుగురిమీద ఒక్కొక్కరినుండి కోటి రూపాయలకు పైగా కోరుచు దావా వేసెను. దేశమంతట ఆందోళన లేచుటతో ఆ మే నెలలోనే దావాలను ఉపసంహరించుకొనెను. మన 2001 నాటి చట్టము రైతునకు విత్తనము దాచుకొను, విత్తుకొను, పంచుకొను హక్కు నిచ్చియున్నది. ఆ రకపు నమోదును 2021లో అధికారసంస్థ రద్దుచేసెను. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనము కంపెనీకి అనుకూలముగ తీర్పు చెప్పెను. వంటవాని చేతితో మొదలైన కథ రైతు గాదెలోని విత్తనముదాక వచ్చినది.

కావున సభ్యులారా, మేము మిమ్ములను ఫలానా హోటలునకు పోవలదని శాసింప రాలేదు. మన వీథిలో మెఱయు దీపములతో నొక కొట్టు వెలసినపుడు, అది పరదేశపు పేరుగలదైనను, మన పక్కయూరి పేరుగలదైనను, మీరు నాలుగు ప్రశ్నలు అడుగవలెనని కోరుచున్నాము. ఈ నేల ఎవరిది? పొయ్యిదగ్గఱ నిలిచినవాడు ఇచ్చట ఏడాది పనిచేసి ఏ విద్య నేర్చి బయటకు పోవును? దుంప పండించినవాడు మఱియొకరికి అమ్ముకొనగలడా? తప్పు జరిగిననాడు బదులు చెప్పువాడెవడు? స్వదేశి హోటలైనను ఈ ప్రశ్నలకు బదులీయవలసినదే. దినమునకు పండ్రెండు గంటలు నిలువబెట్టి, సెలవు లేక, చీటీ లేక కూలియిచ్చు యజమాని మన భాష మాటలాడినంతమాత్రమున నిర్దోషి కాడు.

ఈ ప్రశ్నలు అడుగుటకు గొప్ప సంఘము పెట్టనక్కఱలేదు. ఈ గ్రంథాలయముననే మొదలుపెట్టవచ్చును. ఆహారభద్రతను గూర్చియు, కనీసవేతనములను గూర్చియు, రైతుల విత్తనపు హక్కులను గూర్చియు మన దేశములో చట్టములున్నవి. వాని ప్రతులను తెలుగులో తెప్పించి యీ బల్లమీద నుంచుడు. హోటలు పనివాండ్రు రాత్రి పని ముగించుకొని వచ్చువేళకు ఈ తలుపులు తెఱచియుండునట్లు చూడుడు. ఇమొకలీ కూలీలు గెలిచినది ఒక్క సెంటు ఎచ్చట ఆగిపోవుచున్నదో తెలిసికొన్న పిమ్మటనే. మన పట్టణములోను రూపాయి ఎచ్చట నాగుచున్నదో కనుగొను పని చదువుకొన్నవారిదని మనవిచేసి విరమించుచున్నాము.